మాంద్యం రోజుల్లో స్టాక్ మార్కెట్లు: ఆగగలిగేది ఎవరు?

(ఇల్లినాయి రాష్ట్రం అరోరాలో తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఆదివారం మధ్యాహ్నం, పైగా బయట ఎండ ఇంత బాగున్న రోజున, స్టాక్ మార్కెట్ గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే ఒకటే అర్థం... అందరి డబ్బులూ అందులోనే ఉన్నాయి! ఏ షేరు కొనాలో చెబుతానేమోనని వచ్చినవాళ్ళు ఉంటే ముందే చెప్పేస్తున్నాను, అది నా దగ్గర లేదు. మాంద్యం వచ్చినప్పుడు మార్కెట్లు ఎలా ప్రవర్తిస్తాయి, కోలుకునేటప్పుడు ఎలా ప్రవర్తిస్తాయి, అందులో వీసా మీద ఉన్న మనవాళ్ళ పరిస్థితి ఏమిటి, ఈ మూడూ మాట్లాడుకుందాం. మూడోది నాకు ముఖ్యం.

ఈ మాటలకి అరోరా కంటే తగిన ఊరు ఇంకోటి లేదు. మనకి అరోరా అంటే బాలాజీ గుడి. అమెరికాలో ఎక్కడున్న తెలుగువాడికైనా ఈ ఊరి పేరు ఆ గుడి వల్లే తెలుసు. కానీ లండన్‌లోనో సింగపూర్‌లోనో కూర్చుని ట్రేడింగ్ చేసేవాడికి ఇంకో కారణంగా తెలుసు. చికాగో మర్కంటైల్ ఎక్స్ఛేంజ్ వారి కంప్యూటర్లు ఉండే డేటా సెంటర్ ఇక్కడే, డీల్ రోడ్డు మీద ఉంది. ఎస్ అండ్ పీ 500 ఫ్యూచర్స్, ముడిచమురు, మొక్కజొన్న, బంగారం... కొనేవాడి ఆర్డరూ అమ్మేవాడి ఆర్డరూ జతపడేది ఈ ఊళ్ళోనే. 1982లో ఎస్ అండ్ పీ ఫ్యూచర్స్ మొదలుపెట్టినప్పుడు చికాగో డౌన్‌టౌన్‌లో రంగురంగుల కోట్లు తొడుక్కున్నవాళ్ళు చేతులూపుతూ, గొంతు చించుకుంటూ వ్యాపారం చేసేవారు. ఆ సందడి 2015లో చాలావరకు మూతపడింది. ఇప్పుడు ఆ అరుపులన్నీ మన ఊళ్ళో చప్పుడు లేకుండా జరుగుతున్నాయి. 2020 మార్చిలో రాత్రిపూట ఫ్యూచర్స్ 5 శాతం పడి అక్కడే ఆగిపోయింది ఇక్కడే. అదే ఏడాది ఏప్రిల్ 20న పీపా చమురు ధర సున్నా దాటి కిందికి, మైనస్ 37 డాలర్లకి దిగిందీ ఇక్కడే. 2025 నవంబర్ 28న, థాంక్స్‌గివింగ్ మర్నాడు, ఈ డేటా సెంటర్‌లో చల్లబరిచే యంత్రాలు మొరాయిస్తే ప్రపంచమంతటా ఫ్యూచర్స్ వ్యాపారం పది గంటలకు పైగా నిలిచిపోయింది. మన ఊరి ఏసీ పాడైతే టోక్యోలో పని ఆగిపోయిందన్నమాట!

ఫ్యూచర్స్ అన్న పేరులోనే అసలు సంగతి ఉంది. మార్కెట్ ఈరోజు పేపర్లో ఏముందో చూడదు, రేపు ఏమవుతుందో ఊహిస్తుంది. ఆ ఊహ తప్పవచ్చు, కానీ చూపు మాత్రం ఎప్పుడూ ముందుకే. మిగతా విషయాలన్నీ దీని నుంచే వస్తాయి.

ముందు మాంద్యం అంటే ఏమిటో చూద్దాం. వరసగా రెండు త్రైమాసికాలు జీడీపీ తగ్గితే మాంద్యం అని టీవీల్లో చెబుతుంటారు. అమెరికాలో అధికారికంగా లెక్కకు వచ్చేది అది కాదు. నేషనల్ బ్యూరో ఆఫ్ ఎకనమిక్ రీసెర్చ్ అనే సంస్థలో ఆర్థికవేత్తల సంఘం ఒకటి ఉంది. ఉద్యోగాలు, ఆదాయాలు, అమ్మకాలు, ఉత్పత్తి అన్నీ చూసి, మాంద్యం ఫలానా నెలలో మొదలైంది, ఫలానా నెలలో ముగిసింది అని వాళ్ళు చెబుతారు. నిదానంగా చెబుతారు. 2007 డిసెంబర్‌లో మాంద్యం మొదలైందని వాళ్ళు ప్రకటించింది 2008 డిసెంబర్ 1న. అప్పటికి లేమన్ బ్రదర్స్ మునిగి రెండు నెలలు దాటింది, మనవాళ్ళలో ఎంతోమంది బెంచి మీద కూర్చున్నారు. అది 2009 జూన్‌లో ముగిసిందని చెప్పింది 2010 సెప్టెంబర్‌లో. 2001 నవంబర్‌లో ముగిసిన మాంద్యం గురించి 2003 జూలైలో చెప్పారు. వాళ్ళని తప్పుపట్టడానికి లేదు, వాళ్ళ పని చరిత్ర రాయడం. కానీ ఆ ప్రకటన చూసి డబ్బు పెడదాం, ఆ ప్రకటన చూసి డబ్బు తీద్దాం అనుకునేవాడు పెళ్ళి అయిపోయి పందిరి విప్పేశాక భోజనానికి వెళ్ళినట్టే.

మరి మార్కెట్ ఎప్పుడు తిరిగింది? వరసగా చూడండి. 1973-75 మాంద్యం 1975 మార్చిలో ముగిసింది, ఎస్ అండ్ పీ 500 అడుగు తాకింది 1974 అక్టోబర్‌లో. అంటే అయిదు నెలలు ముందు. 1982 నవంబర్‌లో ముగిసిన మాంద్యానికి అడుగు ఆగస్టులో, మూడు నెలలు ముందు. 1991 మార్చిలో ముగిసినదానికి అడుగు 1990 అక్టోబర్‌లో. 2009 జూన్‌లో ముగిసినదానికి అడుగు ఆ ఏడాది మార్చి 9న, ఎస్ అండ్ పీ 676 దగ్గర. 2007 అక్టోబర్‌లో ఉన్న 1565 నుంచి చూస్తే 57 శాతం కింద. ఇక కోవిడ్ మాంద్యం 2020 ఏప్రిల్‌లో ముగిసిందని తర్వాత తేల్చారు, మార్కెట్ అడుగు మార్చి 23న.

వాన వచ్చే ముందు చీమలు గుడ్లు మోసుకుంటూ బారులు తీరతాయని మన ఊళ్ళలో అంటారు కదా. మార్కెట్ ఆ చీమల్లాంటిది. అయితే చీమలు కదిలిన ప్రతిసారీ వాన పడదు. 1987 అక్టోబర్ 19న డౌ జోన్స్ ఒక్కరోజులో 22 శాతానికి పైగా పడింది, మాంద్యం రాలేదు. 2022లో ఎస్ అండ్ పీ 25 శాతం దాకా పడింది, అప్పటి లెక్కల్లో జీడీపీ వరసగా రెండు త్రైమాసికాలు తగ్గింది కూడా, అయినా ఆ సంఘం దాన్ని మాంద్యం అనలేదు. ఆర్థికవేత్త పాల్ శామ్యూల్సన్ 1966లోనే దీని మీద ఒక జోకు వేశాడు, వచ్చిన మాంద్యాలు అయిదైతే వాల్‌స్ట్రీట్ తొమ్మిదింటిని జోస్యం చెప్పిందని.

ఎందుకిలా ముందుగా తిరుగుతుంది? ఒక ఇల్లు ఉందనుకోండి. అద్దెకిచ్చారు. ముప్ఫై ఏళ్ళు అద్దె వస్తుందని లెక్క. ఈ ఏడాది అద్దె రాలేదు. అంతమాత్రాన ఇంటి విలువ సగానికి పడాలా? పడక్కర్లేదు, ముప్ఫైలో ఒకటి పోయింది, అంతే. షేరు కూడా అంతే, కంపెనీకి రాబోయే ఎన్నో ఏళ్ళ లాభాల్లో వాటా అది. ఒక చెడ్డ సంవత్సరం వల్ల నిజంగా పోయేది కొంచెమే. మరి సగానికి ఎందుకు పడుతుంది? రెండు కారణాలు. వచ్చే ఏడాది కూడా అద్దె రాదేమో, అసలు ఇల్లే కూలిపోతుందేమో అన్న భయం ఒకటి. అప్పు చేసి ఇల్లు కొన్నవాడు, బ్యాంకు వాడు తలుపు తడితే, ఎంతకొస్తే అంతకి అమ్మాల్సి రావడం రెండోది. 2008 శరత్కాలంలో జరిగింది ఎక్కువగా ఈ రెండోదే. బ్యాంకులు, ఫండ్లు నమ్మకం పోయి అమ్మలేదు, అప్పులవాళ్ళు వెంటపడితే అమ్మాయి. అమ్మక తప్పనివాళ్ళు అమ్మేశాక, పరిస్థితి ఇంకా దిగజారడం ఆగిందన్న చిన్న సూచన చాలు, ధర పైకి లేస్తుంది. బాగుపడనక్కర్లేదు, చూడండి, దిగజారడం నెమ్మదిస్తే చాలు! దానికి తోడు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ తగ్గిస్తుంది. 2007 సెప్టెంబర్ మొదట్లో 5.25 శాతం ఉన్న వడ్డీ రేటును 2008 డిసెంబర్ 16 నాటికి సున్నా దగ్గరికి తెచ్చారు. బ్యాంకులో డబ్బుకి ఏమీ రానప్పుడు ఆ డబ్బు ఎక్కడికో ఒకచోటికి వెళ్ళాలి కదా.

ఇంతవరకు విని, అయితే మాంద్యం మధ్యలో కళ్ళు మూసుకుని కొనెయ్యడమే అనుకుంటారేమో. ఆగండి. 2001 సంగతి వేరు. ఆ మాంద్యం చిన్నది, మార్చిలో మొదలై నవంబర్‌లో ముగిసింది. ఫెడ్ వడ్డీని 6.5 శాతం నుంచి ఆ ఏడాది చివరికి 1.75కి దించింది. అయినా మార్కెట్ ఇంకా పదకొండు నెలలు పడుతూనే ఉంది, 2002 అక్టోబర్ 9 దాకా. నాస్‌డాక్ 2000 మార్చిలో 5048 ఉండేది, ఆ రోజుకి 1114. నూట పదకొండు రూపాయలకు అమ్ముడుపోయిన వస్తువు అంతకుముందు అయిదొందలకు కొన్నట్టు! ఇంటి పోలికలోనే చెప్పాలంటే, మొదటే ముప్ఫై ఏళ్ళ అద్దె లెక్క మానేసి మూడు వందల ఏళ్ళ అద్దె లెక్కకట్టి కొన్నారు. అంత ధర పెట్టి కొంటే వడ్డీ తగ్గించి ఎవరూ కాపాడలేరు. ఆ పాత 5048ని నాస్‌డాక్ మళ్ళీ చూసింది 2015 ఏప్రిల్‌లో, పదిహేనేళ్ళ తర్వాత. 1929లో 381 ఉన్న డౌ జోన్స్ 1932లో 41కి పడి, మళ్ళీ 381 చూడడానికి 1954 వరకు ఆగాల్సి వచ్చింది. మార్కెట్ ఎప్పుడూ కోలుకుంటుంది అనే మాట నిజమే, ఎన్నేళ్ళకి అన్నది మాత్రం ఎంతకి కొన్నావన్న దాని మీద ఉంటుంది.

అదీ సూచీ సంగతి. ఒక్క కంపెనీ షేరుకి ఆ హామీ కూడా లేదు. ఇక్కడ ఐ-88 రోడ్డు పక్కన నేపర్‌విల్‌లో, లైల్‌లో ల్యూసెంట్ ఆఫీసులు ఎంత పెద్దవో పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 1999 చివర ఎనభై డాలర్లు దాటిన ల్యూసెంట్ షేరు 2002 అక్టోబర్‌లో డాలరు కంటే కిందికి వచ్చింది. నేనూ అప్పుడు ఇదే రోడ్డు మీద ఒక టెలికాం కంపెనీలో కాంట్రాక్టు పని చేసేవాణ్ణి. పేరు ఎందుకులెండి. మధ్యాహ్నం భోజనాల దగ్గర మాటలన్నీ షేర్ల మీదే. సోమవారం ఎవరి కుర్చీ ఖాళీగా ఉందో చూసుకోవడం 2001లో మా అందరికీ అలవాటైపోయింది. ఉద్యోగమూ అదే కంపెనీలో, 401కెలో షేర్లూ అదే కంపెనీవి, ఇల్లు కొన్నదీ అదే కంపెనీ ఉన్న ఊళ్ళో. మూడు కుండలూ ఒకే ఉట్టి మీద పెట్టినట్టు. ఉట్టి తెగితే ఏముంది ఇక?

ఇప్పుడు ఉద్యోగాల సంగతి. మార్కెట్ అందరికంటే ముందు తిరిగితే, ఉద్యోగాలు అందరికంటే చివర తిరుగుతాయి. 2009 మార్చిలో మార్కెట్ అడుగు తాకింది. జూన్‌లో మాంద్యం ముగిసింది. నిరుద్యోగం మాత్రం పెరుగుతూ పోయి అక్టోబర్‌లో 10 శాతానికి చేరింది. అప్పటికి ఎస్ అండ్ పీ అడుగు నుంచి సగానికి సగం పెరిగి కూర్చుంది. 2001 మాంద్యం అయిపోయాక నిరుద్యోగం ఇంకో ఏడాదిన్నర పెరిగి 2003 జూన్‌లో 6.3 శాతం దగ్గర ఆగింది. కంపెనీ కోణంలో చూస్తే ఆశ్చర్యం లేదు. ఆర్డర్లు వచ్చినా, ఉన్నవాళ్ళతోనే ఎక్కువ గంటలు పనిచేయించుకుంటారు, ఆ తర్వాత కాంట్రాక్టు వాళ్ళని తెచ్చుకుంటారు, ఇక తప్పదు అనుకున్నాకే పర్మనెంట్ ఉద్యోగం ఇస్తారు.

అప్పట్లో మన ఇల్లినాయి కంపెనీగా ఉన్న క్యాటర్‌పిల్లర్‌నే తీసుకోండి. 2009 జనవరి 26న 20,000 ఉద్యోగాలు తగ్గిస్తున్నామని ప్రకటించారు. షేరు ఆ మార్చిలో 22 డాలర్ల చుట్టూ అడుగు తాకింది. 2011 వసంతానికి 110 దాటింది. షేరు పట్టుకుని కూర్చున్నవాడికి రెండేళ్ళలో అయిదు రెట్లు. పని పోయినవాడికి? 2022 నవంబర్‌లో మెటా షేరు 90 డాలర్ల కిందికి పడింది, ఆ వారంలోపే 11,000 మందిని తీసేశారు. తర్వాతి జనవరిలో గూగుల్ 12,000 మందిని, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని. ఆ 2023 సంవత్సరంలో నాస్‌డాక్ 43 శాతం పెరిగింది, మెటా షేరు దాదాపు మూడు రెట్లు అయింది. సరిగ్గా అడుగున మనిషిని బయటికి పంపారు, చేతికి రావలసిన ఆర్ఎస్‌యూలు ఇంకా వెస్ట్ కాకుండానే పోయాయి, షేరు పెరిగిన ఫలం మిగిలినవాళ్ళకి దక్కింది.

ఇంకో రోజు చెబుతాను. 2020 మార్చి 26. పొద్దున్నే కార్మిక శాఖ లెక్క వచ్చింది, ఒక్క వారంలో 30 లక్షలమందికి పైగా నిరుద్యోగ భృతికి దరఖాస్తు చేశారని. అంతకుముందు ఎన్నడూ చూడని అంకె. ఆ రోజు డౌ జోన్స్ 6 శాతం పైగా పెరిగింది! టీవీ తెర మీద రెండు అంకెలూ పక్కపక్కన చూసి మా ఆవిడ, "వీళ్ళకి సిగ్గు లేదా?" అంది. సిగ్గూ లేదు, దయా లేదు, నిజానికి ద్వేషం కూడా లేదు. మూడు రోజుల ముందే ఫెడ్ ఎంతైనా బాండ్లు కొంటానని చెప్పింది, కాంగ్రెస్‌లో రెండు లక్షల కోట్ల డాలర్ల బిల్లు ఆమోదం పొందుతోంది. మార్కెట్ ఆ పై సంవత్సరాన్ని చూస్తోంది. పని పోయినవాడు ఆ నెల అద్దె చూస్తున్నాడు. ఇద్దరూ చూస్తున్న క్యాలెండర్లు వేరు.

భారతదేశం సంగతి కూడా చూడకపోతే ఈ కథ సగమే. 2008-09లో భారతదేశానికి మాంద్యం రాలేదు, వృద్ధి తగ్గింది గానీ ఆగలేదు. అయినా 2008 జనవరిలో 21,000 తాకిన సెన్సెక్స్ అక్టోబర్‌లో 8,000 కిందికి వచ్చింది. ఎందుకంటే అమ్మింది విదేశీ సంస్థలు. న్యూయార్క్‌లో అప్పులవాళ్ళు పీక మీద కూర్చుంటే, బొంబాయిలో లాభంలో ఉన్న షేర్లు అమ్మి తీర్చారు. ఆ ఒక్క ఏడాదే 50,000 కోట్ల రూపాయల పైచిలుకు బయటికి వెళ్ళిపోయింది. ఇల్లు కాలింది ఒకడిది, గడ్డివాము పీకింది ఇంకొకడిది.

ఆ సమయంలోనే మన సత్యం. మంచి రోజుల్లో లెక్కలు ఎవరూ గుచ్చి గుచ్చి అడగరు. చెరువు ఎండినప్పుడే అడుగున ఏముందో తెలిసేది. 2008 డిసెంబర్ 16న సత్యం డబ్బుతో రాజు గారి కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకి కొంటామని బోర్డు ప్రకటించింది, మదుపుదారులు తిరగబడితే గంటల్లో వెనక్కి తీసుకుంది. 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరం. బ్యాంకుల్లో ఉన్నాయని చూపించిన 5,361 కోట్లలో 5,040 కోట్లు లేనే లేవు. ఆ ఒక్కరోజు షేరు 179 రూపాయల నుంచి 40 రూపాయలకి. మార్కెట్ పైపైకి పోతున్నంతకాలం ఆ లెక్క బయటపడే అవసరమే రాలేదన్నది గమనించండి. అదే మేటాస్ 2008లో హైదరాబాద్ మెట్రోకి ప్రభుత్వం నుంచి పైసా అడగకపోగా ఎదురు 30,311 కోట్లు ఇస్తానని పాట పాడి దక్కించుకుంది. అంత డబ్బు రైలు టిక్కెట్లతో వస్తుందా అని ఢిల్లీ మెట్రో శ్రీధరన్ గారు అనుమానపడితే, ప్రభుత్వానికి ఆయన మీదే కోపం వచ్చింది. 2009 జూలైలో ఆ ఒప్పందం రద్దయింది. మెట్రో మొదటి రైలు నడిచేసరికి 2017 నవంబర్ వచ్చింది. ఒక ప్రమోటరు భూమి ధరల మీద ఆడిన పందానికి హైదరాబాద్ జనం బస్సుల్లో నిలబడి కట్టిన మూల్యం అది. రాజకీయాలు మాట్లాడుకునే మనలాంటివాళ్ళు దాన్ని స్టాక్ మార్కెట్ వార్తగా తీసిపారేయకూడదని నా అభిప్రాయం.

ఇక సెన్సెక్స్ ఎలా తిరిగిందో చూడండి. 2009 మార్చిలో 8,000 దగ్గర ఉంది. మే 16న ఎన్నికల ఫలితాలు వచ్చాయి. మధ్యలో ఆదివారం. 18వ తేదీ సోమవారం మార్కెట్ తెరవగానే పైకి లేచి సర్క్యూట్ తగిలి, కాసేపు ఆపి మళ్ళీ తెరిస్తే మళ్ళీ తగిలి, ఆ రోజుకి వ్యాపారం కట్టేశారు. 17 శాతం, 2,110 పాయింట్లు, నిజంగా వ్యాపారం జరిగింది నిమిషం కూడా లేదు. ఇంకాస్త నమ్మకం కుదిరాక కొందామని ఎదురుచూస్తున్నవాళ్ళకి ఆ నమ్మకం కుదిరేసరికి తలుపు మూసేశారు. 2010 దీపావళికి సెన్సెక్స్ మళ్ళీ 21,000 చేరింది. అమెరికాలోనూ ఇంతే. 2020 మార్చి 23న అడుగు, 24న డౌ ఒక్కరోజే 11 శాతం పైకి. బాగా పెరిగే రోజులు బాగా పడ్డ రోజుల పక్కనే ఉంటాయి, ఒకదాన్ని తప్పించుకోబోయి రెండోదాన్ని కూడా పోగొట్టుకుంటాం. వారెన్ బఫెట్ అంతటివాడు 2008 అక్టోబర్‌లో, నేను కొంటున్నానని పత్రికలో వ్యాసం రాశాడు. ఆ తర్వాత కూడా మార్కెట్ పావు వంతు పైగా పడింది. ఆయనకి దాని వల్ల నష్టమేమీ కాలేదు, ఎందుకంటే ఆయనకి ఆ డబ్బుతో మర్నాడు పని లేదు.

పని ఉన్నవాడి సంగతి చెబుతాను. నాతో పాటు వెస్ట్‌మాంట్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉన్న మిత్రుడు ఒకాయన. గుంటూరు జిల్లా. తెలివైనవాడు, మార్కెట్ గురించి నాకంటే బాగా చదువుకున్నవాడు. 2009 జనవరిలో ఆయన ప్రాజెక్టు పోయింది. హెచ్‌-1బి. అప్పట్లో ఉద్యోగం పోతే ఇన్నాళ్ళు ఉండవచ్చన్న గడువు నిబంధనల్లోనే లేదు. భార్య, మూడేళ్ళ పాప. ఆరు వారాలు వెతికాడు. ఎవరూ ఇంటర్వ్యూకి కూడా పిలవలేదు. ఫిబ్రవరి ఆఖర్లో షేర్లన్నీ అమ్మేశాడు, 401కె కూడా తీసేశాడు. అయిదేళ్ళ కష్టం మార్కెట్‌లో సగమైంది, మిగిలినదాంట్లో 10 శాతం జరిమానా, పైన పన్ను. ఇప్పుడే అమ్మకు, ఇది అడుగు కావచ్చు అని నేను అంటే, "నాకూ అలాగే అనిపిస్తోంది. కానీ టిక్కెట్లు కొనాలి కదా" అన్నాడు. మార్చి మొదటి వారంలో వెళ్ళిపోయారు. మార్చి 9 నుంచి మార్కెట్ తిరిగింది. ఆయన హైదరాబాద్‌లో దిగేసరికి అక్కడ సత్యం ఉద్యోగులు వేలమంది రెజ్యూమేలు పట్టుకుని తిరుగుతున్నారు. 2013 మార్చికి ఎస్ అండ్ పీ 2007 నాటి శిఖరాన్ని మళ్ళీ అందుకుంది. ఆయన అమ్మిన రోజు ధరకి అది రెట్టింపు కంటే ఎక్కువ.

ఈ కథలో ఆయన లెక్క ఎక్కడా తప్పలేదు. ఆగితే పెరుగుతుందని ఆయనకి తెలుసు. ఆగడానికి వీలు లేదు. పుస్తకాల్లో మదుపుదారులు రెండు రకాలు అంటారు, భయపడేవాళ్ళు, ధైర్యవంతులు అని. నా అనుభవంలో ఆగగలిగినవాళ్ళు, ఆగలేనివాళ్ళు అని రెండు రకాలు. ధైర్యం చాలావరకు బ్యాంకు ఖాతాలోంచీ పాస్‌పోర్టులోంచీ వస్తుంది.

కాబట్టి వీసా మీద ఉన్నవాళ్ళకి ఒకటి రెండు మాటలు. పుస్తకాల్లో మూడు నుంచి ఆరు నెలల ఖర్చుకి సరిపడా డబ్బు విడిగా ఉంచుకోమంటారు. అది సిటిజన్ల లెక్క. మనకి ఇంటి అద్దెతో పాటు లాయరు ఫీజు, నలుగురికి విమానం టిక్కెట్లు, లీజు మధ్యలో వదిలేస్తే కట్టాల్సింది, అక్కడ దిగాక మూడు నాలుగు నెలల ఖర్చు కూడా కలపాలి. సంవత్సరానికి తగ్గకుండా ఉంచుకోమంటాను నేను. దాని మీద రాబడి రావడం లేదని బాధపడకండి. మిగతాదాన్ని అడుగున అమ్మక్కర్లేకుండా కాపాడడమే దాని రాబడి. కంపెనీ ఇచ్చే షేర్లు వెస్ట్ అయిన వెంటనే అమ్మి ఇండెక్స్ ఫండ్‌లో వేసుకోండి, జీతం అక్కడి నుంచే వస్తోంది, అది చాలు. దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చినా 401కె తీసేయాల్సిన పని లేదు, ఇక్కడే ఉంచవచ్చు, ఐఆర్ఏకి మార్చుకోవచ్చు. 2009లో చాలామంది వెళితే ఆ డబ్బు ఇక రాదేమోనన్న భయంతో తీసేశారు.

శంషాబాద్ వైపు ప్లాట్లు ఉన్నాయి కదా, అవసరమైతే అమ్ముకుంటాం అనేవాళ్ళు ఇక్కడ కూడా ఉంటారు, ఆ నవ్వుతున్నవాళ్ళు. 2009లో అమ్మి చూసినవాళ్ళని అడగండి. ధర తగ్గిందని ఎవరూ ఒప్పుకోరు, కొనేవాడు మాత్రం ఉండడు. ధర తగ్గడం షేర్లలో కనిపిస్తుంది కాబట్టి భయం. ప్లాటు ధర రోజూ పేపర్లో రాదు కాబట్టి ధైర్యం! హైదరాబాద్ భూమికీ, అమెరికా ఐటీ ఉద్యోగానికీ, నాస్‌డాక్‌కీ వేరు ఒకటే. ఒకటి ఎండితే మూడూ వాడతాయి.

ఇది మనం ఒక్కొక్కరం చేసుకోగలిగింది. కలిసి చేయవలసింది ఒకటుంది. ఉద్యోగం పోయాక ఉండడానికి గడువు అన్నది నిబంధనల్లోకి వచ్చింది 2017 జనవరిలో, 60 రోజులు. అది లేని రోజుల కంటే నయమే. కానీ పైన చెప్పిన తేదీలతో పోల్చి చూడండి. మార్కెట్ అడుగు తాకిన తర్వాత 2009లో నిరుద్యోగం ఏడు నెలలు పెరిగింది, 2002 తర్వాత ఎనిమిది నెలలు. మాంద్యంలో ఉద్యోగం దొరకడానికి పట్టే కాలం 60 రోజుల్లో ఇమడదు. 2023లో అధ్యక్షుడి సలహా సంఘం ఒకటి ఈ 60ని 180 చేయమని సిఫారసు చేసింది, అది నిబంధనగా మారలేదు. 2025 సెప్టెంబర్‌లో దేశం బయటున్నవారి కోసం వేసే కొత్త హెచ్‌-1బి పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అంటే ఒకసారి వెళ్ళినవాడు తిరిగి రావడం మా మిత్రుడి రోజుల కంటే కష్టమైంది. గ్రీన్‌కార్డు వరసలో పదేళ్ళకు పైగా నిలబడి, సోషల్ సెక్యూరిటీ కట్టి, ఈ కౌంటీకి ఆస్తి పన్ను కట్టి, రెండు నెలల్లో ఇల్లు అమ్ముకుని పొమ్మంటే, ఆ ఇల్లు అడుగు ధరకే పోతుంది. ఆ వీధిలో పక్క ఇళ్ళ ధర కూడా దానితో పాటే దిగుతుంది, వాళ్ళు పుట్టుకతో అమెరికన్లైనా సరే. మన కాంగ్రెస్ సభ్యుల దగ్గర చెప్పవలసిన మాట ఇదని నా ఉద్దేశం. మా మీద దయ చూపించండి అని వెళితే వినేవాళ్ళు తక్కువ. మీ నియోజకవర్గంలో ఇళ్ళ ధరల గురించి మాట్లాడడానికి వచ్చాం అంటే కుర్చీ వేస్తారు.

బయట బల్ల మీద ఒక కాగితం పెట్టాం. గడువును 180 రోజులు చేయాలని కోరే ఉత్తరం ముసాయిదా. సిటిజన్లు అయినవాళ్ళు సంతకంతో పాటు మీ జిప్ కోడ్ కూడా రాయండి, ఏ సభ్యుడికి ఎన్ని వెళ్ళాలో విడదీయడానికి అది కావాలి. వీసా మీద ఉన్నవాళ్ళు సంతకం చేయాలా వద్దా అన్నది మీ ఇష్టం, ఎవరూ బలవంతపెట్టరు. ఇక ప్రశ్నలు అడగండి.